మా మేనల్లుడి దుర్భిణి

ఎంపిక విషయంలో నాకు మా బంధువర్గంలో కాస్త పేరుంది. ఎవరింట్లో పెళ్లయినా చీరల కొట్టుకి నన్ను వెంటబెట్టుకుని వెళతారు. అంచు తడిమి గట్టిదా కాదా చెప్పగలను. వంకాయ తొడిమ చూసి లోపల పురుగుందో లేదో చెప్పగలను. నవలలు రాసేదానికి ఇవైనా రాకపోతే ఇంట్లో గౌరవం ఎలా ఉంటుంది చెప్పండి! కాని ఈ నలభై ఆరో ఏట, తుపాకి మీద బిగించే దుర్భిణి ఎంచవలసి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

అసలు సంగతి ఏమిటంటే, మా అన్నయ్య కొడుకు అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటాడు. పుట్టింది, పెరిగింది అక్కడే. ఇరవై ఒక్కేళ్లు వచ్చినా మాకు వాడు చిన్నోడే. ఒక ఆదివారం పొద్దున, అంటే వాళ్లకు శనివారం రాత్రి, ఫోన్ చేశాడు.

"అత్తమ్మా, స్కోప్ కొందామనుకుంటున్న. ఏది మంచిదో తాతనడిగి చెప్పవా?"

నాకు తెలిసిన స్కోపల్లా సినిమాస్కోపు ఒక్కటే. "ఇంట్ల సినిమా హాలు కడుతున్నారేందిరా?" అన్నాను.

వాడు పడీపడీ నవ్వి విడమరచి చెప్పాడు. వాడి స్నేహితుడి వాళ్లకు పెద్ద వ్యవసాయ క్షేత్రం ఉందట. అడవిపందులు రాత్రికి రాత్రి పంటంతా తవ్వి పోస్తున్నాయట. టెక్సాస్‌లో వాటిని వేటాడటం తప్పు కాదు. వీడు కూడా వేటగాళ్ల శిక్షణ తరగతికి వెళ్లి పరీక్ష పాసై వాళ్లతో పోతున్నాడు. అది ఒకటి. రెండోది, సెలవురోజుల్లో మైదానంలో బోర్లా పడుకుని 1000 గజాల దూరంలో ఉన్న కాగితపు గుండ్రాన్ని కొట్టే ఆట. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. ఆ దూరంలో నాకు మనిషే కనపడడు, ఇక కాగితం మాట దేవుడెరుగు! ఈ రెండు పనులకూ పనికొచ్చేలా తుపాకి మీద బిగించే దుర్భిణి, స్కోప్, ఒకటి కావాలి. అదీ వాడి కోరిక.

"దానికి మీ డాడీ ఉన్నడు గద?"

"తాతకు చెప్పకుండ కొనద్దన్నడు డాడీ. ఆయన చెప్పుమంటె భయపడుతుండు. నువ్వయితె చెప్తవని..."

అన్నయ్య భయం ఎందుకో నాకు తెలుసు. మీకూ తెలియాలి కాబట్టి చెపుతున్నాను.

పరకాలలో మా ఇంట్లోకి తుపాకి అన్న వస్తువు రాకూడదు. నిజం తుపాకి సంగతి సరే, దీపావళికి రీలు పెట్టి టపటపలాడించే రేకు తుపాకి కూడా రాకూడదు. అన్నయ్యకు పదేళ్లప్పుడు, 1985లో, ఒకటి దాచుకుని తెచ్చుకున్నాడు. బాపు ఒక్క మాటా అనలేదు. దాన్ని తీసుకుపోయి బావిలో పడేసి వచ్చాడు. ఏడుస్తున్న అన్నయ్య చేతిలో స్కూలు ప్రయోగశాలలో వాడే భూతద్దం లాంటిది ఒకటి పెట్టాడు. బాపు సైన్సు మాస్టారు. తుపాకి అంటే ఎంత అసహ్యమో, అద్దమంటే అంత ప్రాణం. కటకం, నాభి, నాభ్యంతరం అంటూ ఆయన పాఠం చెపుతుంటే, సైన్సు అర్థంకాక ఆర్ట్సు చదివిన నాకు కూడా ఏదో కవిత్వం వింటున్నట్టుండేది.

ఇప్పుడు ఆ బాపు దగ్గరికి వెళ్లి, నీ మనవడి తుపాకికి మంచి అద్దం చెప్పమనాలి. ఎలా?

నేను అబద్ధం ఆడలేదండీ. సగం నిజం చెప్పాను. ఆడవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు కదా! హనుమకొండ నుంచి ఆ శనివారం పుట్టింటికి వెళ్లి, బాపు చాయ్ తాగే సమయం చూసి, "చిన్నోడు దుర్భిణి కొంటడట బాపూ. దూరంగ ఉన్నది చూసుటందుకు. ఏది మంచిదో నిన్ను అడగమన్నడు" అన్నాను.

ఎనభై ఏళ్ల మనిషి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. మనవడు తన పాఠం అడిగాడు! అంతకంటే ఏం కావాలి? వెంటనే పెన్సిలు, పేపరు అంచు.

"ఎన్నింతలు చూపెడ్తదట? ముందలి అద్దం ఎంతుంది?"

చిన్నోడు పంపిన వివరాలు చదివాను. ఒకటి "3-9×40". ఇంకొకటి "5-25×56".

ఆ అంకెల అర్థం బాపు చెప్పాకే నాకు తెలిసింది. 3-9 అంటే మూడింతల నుంచి తొమ్మిదింతల వరకు పెంచుకోవచ్చు. 40 అంటే ముందున్న వస్తుకటకం వ్యాసం 40 మిల్లీమీటర్లు. వ్యాసాన్ని ఇంతలతో భాగిస్తే, వెనక నుంచి కంట్లోకి వచ్చే వెలుగు చుక్క ఎంత వెడల్పో తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు. 56ని 25తో భాగిస్తే రెండుంబావు కూడా రాదు.

"పట్టపగలు కంటిపాప చిన్నగైతది, రెండు మిల్లీమీటర్లు వచ్చినా చాలు. పొద్దుగూకినంక పడుచోళ్ల కంటిపాప ఏడు దాకా తెరుసుకుంటది. అప్పుడు ఈ రెండు మిల్లీమీటర్ల వెలుగు ఎటూ చాలది. వాడు చూసేది పగలా, మాపా?"

"మాపటిపూటే బాపూ" అన్నాను. పందులు వచ్చే వేళ అదే మరి.

"అయితే ఇంతలు తక్కువుండాలె. ఎక్కువ ఇంతలంటే ఎక్కువ మంచిదనుకుంటరు పిచ్చోళ్లు. ఇంతలు పెరిగితే చూపు ఇరుకైతది. మూడింతల మీద వంద మీటర్ల దూరంల పది మీటర్ల మేర కనపడ్డదనుకో, తొమ్మిదింతల మీద నాలుగు మీటర్లు కూడా కనపడదు. చెయ్యి వణికితే వణుకు కూడా అన్నింతలు కనపడ్తది. ఎండపూట నేల మీది వేడిగాలి నీళ్లలెక్క అల్లాడుతది గద, అది కూడా అన్నింతలు."

నాకు వెంటనే మా పక్కింటావిడ గుర్తొచ్చింది. కొడుకులో ఒక్క తప్పు వెతికి దాన్ని ఇరవై అయిదింతలు చేసి చూస్తుంది. ఇక ఆ పిల్లవాడిలో మిగతా మంచేదీ ఆవిడకు కనపడదు.

ఆ వారమంతా నేను మధ్యవర్తిని. చిన్నోడు రాత్రిళ్లు ప్రశ్న పంపడం, నేను ఫోన్‌లో బాపునడగడం, ఆయన చెప్పింది వాడికి చేరవేయడం. అద్దాల మీద పూత గురించి చెప్పాడు బాపు. పూతలేని గాజు ఒక్కొక్క ముఖం దగ్గర నూటికి నాలుగు వంతుల వెలుగును వెనక్కి తోసేస్తుందట. లోపల అలాంటి ముఖాలు ఎన్నో ఉంటాయి కాబట్టి చివరికి కంటికి చేరేసరికి సగం వెలుగు దారిలోనే పోతుంది. 1935లో జర్మనీలో, జైస్ కంపెనీలో స్మకూలా అనే శాస్త్రవేత్త పలచని పూతపూసి దానికి విరుగుడు కనిపెట్టాడు. ఇప్పుడు మన కళ్లద్దాల మీద ఊదారంగు మెరుపు కనపడుతుందే, అది ఆ విద్యకు వారసత్వమే.

పారలాక్స్ అని ఇంకొకటి. కన్ను కొంచెం పక్కకు జరిగితే, లోపలున్న కూడలి గీత గురి మీద నుంచి జరిగినట్టు కనపడుతుంది. "స్కూటరు వెనక కూసున్నోళ్లకు ముల్లు ఒక అంకె మీద కనపడ్తది, నడిపేటోనికి ఇంకొకటి కనపడ్తది. గట్ల" అన్నాడు బాపు. పాతికేళ్లుగా మావారికీ నాకూ స్కూటరు వేగం మీద జరుగుతున్న తగవు ఆ ఒక్క ముక్కతో తీరిపోయింది. ఎవరి తప్పూ లేదు, కూర్చున్న చోటు తప్పు!

కూడలి గీతల్లోనూ రెండు రకాలు. ఒకదానిలో ఇంతలు పెంచితే బొమ్మతో పాటు గీతా లావెక్కుతుంది. ఇంకొకదానిలో బొమ్మ ఒక్కటే పెరుగుతుంది, గీత ఉన్నట్టే ఉంటుంది. మొదటి రకంలో గీత మీద కొలతల గుర్తులు ఎన్నింతల దగ్గరైనా సరిపోతాయి కాబట్టి దూరపు గురికి మంచిది. కాని ఇంతలు తగ్గించినప్పుడు ఆ గీత వెంట్రుకంత సన్నమై మసకచీకట్లో మాయమవుతుంది. మాపటిపూట పనికి రెండో రకమే నయం.

ఇంత శాస్త్రంలో నా వంతు ఏమీ లేదనుకునేరు. ఉంది. చిన్నోడు కొట్లో చూశాననీ, అన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయనీ అన్నాడు. "ఓరి పిచ్చోడా! కొట్ల లైట్ల కింద ఏ చీరయినా బాగుంటది. గడప దాటి వెలుగుల పెట్టి చూడాలె. నువ్వు మాపటిపూట పో, వాళ్లనడిగి బయటకు తెచ్చి, నీడల ఉన్న చెట్టుకొమ్మను చూడు. ఏండ్ల ఆకులు విడివిడిగ కనపడ్తయో అదే మంచిది" అన్నాను. ఇంకో సలహా కూడా ఇచ్చాను. తుపాకి ఖరీదెంతో దుర్భిణికీ అంత పెట్టాలని పాత వేటగాళ్ల మాటట. వీడు డబ్బంతా దానికే పెట్టి, దాన్ని పట్టి ఉంచే కడియాలు చవకవి చూస్తున్నాడు. బరువు బుట్టలు కొనుక్కుని సన్న కొక్కెం పెట్టించుకున్నట్టు కాదూ! ఆ మాట వాడికి అర్థం కాలేదు గాని వాళ్లమ్మకు అర్థమయింది.

అంతా సవ్యంగా సాగుతోందనుకున్నాను. మరుసటి శనివారం పరకాలలో బాపు పేపరు అంచు మీద లెక్క వేస్తూ ఆగిపోయాడు.

"బిడ్డా, దీంట్ల ఒకటి రాసి ఉంది. కంటికీ వెనకటి అద్దానికీ మూడున్నర అంగుళాల ఎడం ఉండాలట. మామూలు దుర్భిణిని కంటికి ఆనించుకుంటం. దీనికెందుకింత దూరం?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గిన్నెలోకి చూసింది.

నవలల్లో ఎన్ని అబద్ధాలైనా రాయగలను గాని, ఆయన ముందు నాకు నోరు పెగలదు. బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మెల్లగా తనే జవాబు చెప్పుకున్నాడు, పాఠం చెప్పినంత మెల్లగా.

"ఇది వెనుకకు తంతది. కన్ను ఆనిచ్చి ఉంటే కనుబొమ్మ పగులుతది. అందుకే దూరం. ఇది తుపాకి మీదిది."

పేపరు మడిచి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నేను బయల్దేరేటప్పుడు కూడా మాట్లాడలేదు. తిడితే బాగుండేది. భౌతికశాస్త్రం నా అబద్ధాన్ని పట్టిస్తుందని నాకేం తెలుసు?

అమ్మ మాత్రం మనవడి పక్షమే. "అడవిపంది మీద మీకెందుకంత జాలి? మా అన్న మక్కచేను ఒక్క రాత్రిల నేలపాలు చేసినయి. మంచె మీద కూసోని డబ్బాలు కొట్టి, వడిసెల తిప్పి, ఆయన నిద్రలేక సగమైండు" అంది. "మరి మన దగ్గర 1972 చట్టం ఉంది గదమ్మా" అన్నాను. "చట్టం పందికున్నది, మా అన్నకున్నదా?" అంది. నాకు సమాధానం దొరకలేదు.

కాని బాపు బాధ పంది గురించి కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, టెక్సాస్‌లో ఉన్న ఒక్కడికి తప్ప.

పరకాల వచ్చినవాళ్లు అమరధామం చూసే ఉంటారు. 2003లో కట్టారు. ఆ శిల్పాల్లో ఉన్నది 1947 సెప్టెంబర్ 2 నాటి సంగతి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పద్దెనిమిది రోజులయింది. నిజాం రాజ్యంలో మాత్రం రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం మూడురంగుల జెండా ఎగరేద్దామని పరకాల వచ్చారు. వాళ్ల మీద తుపాకులు పేలాయి. 20 మందికి పైగా ప్రాణాలు విడిచారు. ఎంతోమంది గాయపడ్డారు.

ఆ జనంలో మా బాపమ్మ ఉంది. ఆమె చంకలో రెండేళ్ల మా బాపు ఉన్నాడు. జెండా చూపిద్దామని ఎత్తుకొచ్చింది. కాల్పులు మొదలవగానే పరుగెత్తి జొన్నచేనులో పడుకుని, పిల్లవాడి నోరు అరచేత్తో మూసి, చీకటి పడేదాకా అలాగే ఉంది. నా చిన్నప్పుడు ఆమె ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ ఒకే మాట దగ్గర ఆగేది. "కాల్చెటోడు నా దిక్కు చూసిండు బిడ్డా. పట్టుమని వంద గజాలు లేడు. చూసిండు గని, నేను వానికి కనపడలె."

చేనులో కనపడలేదని చెపుతోందనుకునేదాన్ని అప్పుడు. పెద్దయ్యాక గాని ఆ మాట లోతు తెలియలేదు.

మూడు వారాలు బాపు ఆ ఊసెత్తలేదు. నాలుగో ఆదివారం చిన్నోడే ధైర్యం చేసి వీడియో ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ పట్టుకుంది. బాపు కుర్చీలోంచి లేవలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు. వాతావరణం తేలిక చేద్దామని అమ్మే అడిగింది. "ఒరేయ్, మన హైదరాబాదుల పెరిగిన గగన్ నారంగ్ ఒలింపిక్స్‌ల పతకం తెచ్చిండు గద, ఆయన గూడ ఇసుంటిది పెట్టుకునే కొట్టిండా?"

"లేదు నానమ్మా. 2012 లండన్ ఒలింపిక్స్‌ల ఆయనది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. ఒలింపిక్స్ రైఫిళ్ల మీద దగ్గరికి చూపెట్టే స్కోప్ పెట్టనీయరు. సన్నటి రంధ్రంల నుంచి చూసుడే. నడిమిట్ల పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటది."

"అర మిల్లీమీటరా?" అన్నాడు బాపు కుర్చీలోంచి. నోరు జారిందని ఆయనకే తెలిసి మళ్లీ మూసుకున్నాడు.

చిన్నోడికి ప్రాణం లేచొచ్చింది. తాతకు అద్దాలంటే ఇష్టమని వాడికి తెలుసు. గబగబా ఏవేవో చెప్పుకుపోయాడు. పూర్వం వేటగాళ్లకు చలిలో స్కోపు లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడేది కాదట, మనం అన్నం గిన్నె మూత తీస్తే కళ్లద్దాలకు పట్టినట్టు. ల్యుపోల్డ్ అనే కంపెనీ ఆయనకు అలాగే ఒకసారి జింక తప్పిపోయి, ఇంతకంటే మంచిది నేనే చేస్తానని పంతం పట్టాడని చెప్పుకుంటారట. లోపల తేమలేని నైట్రోజన్ నింపి మూసేస్తే ఇక ఆవిరి పట్టదు. "అమెరికాల అట్లాంటిది చేసింది వాళ్లే ఫస్ట్ తాతా. 1947ల!"

వాడికేం తెలుసు పాపం. అమ్మ చేతిలో ఫోన్ కొంచెం కదిలింది.

"నలభై ఏడుల" అన్నాడు బాపు. లేచి వచ్చాడు. ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. "ఆ ఏడు ఇక్కడేమైందో నీకు మీ నాయిన చెప్పిండా?"

చెప్పలేదు. ఇరవై ఆరేళ్లుగా అన్నయ్య డాలర్లు పంపాడు, మందులు పంపాడు, పిల్లవాడి ఫొటోలు పంపాడు. ఇక్కడి నుంచి అక్కడికి చేరవలసింది ఒకటి ఉందని మాలో ఎవరికీ తోచలేదు. బాపు చెప్పాడు. జెండా, జొన్నచేను, నోటి మీద అరచెయ్యి. పాఠం చెప్పినట్టే చెప్పాడు, గొంతు పెంచకుండా. బాపమ్మ మాట కూడా చెప్పాడు.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చిన్నోడు, వాడికొచ్చిన ముక్కల తెలుగులో, ఒక సంగతి చెప్పాడు. వాడి శిక్షణ తరగతిలో మొట్టమొదట నేర్పింది ఇదేనట. తుపాకి మీది స్కోపుతో ఎప్పుడూ దిక్కులు చూడకూడదు. ఎందుకంటే స్కోపు ఎటు చూస్తే గొట్టం అటే చూస్తుంది. పొదలో కదిలింది పందో, దూడో, మనిషో తెలుసుకోవాలంటే మెడలో వేసుకునే దుర్భిణితో చూడాలి. అదేమిటో, దాని వెనకాల ఏముందో తెలిశాకే తుపాకి ఎత్తాలి.

"చూసుడు వేరు, గురి పెట్టుడు వేరు తాతా. ఫస్ట్ చూడాలె."

బాపు తల ఊపాడు. "మంచిగ చెప్పిండ్రు మీ సార్లు" అన్నాడు. సాటి మాస్టారిని ఆయన మెచ్చుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత నన్ను పెన్సిలు తెమ్మన్నాడు.

ఆ రోజు ఆయన చేసిన లెక్క పేపరు ముక్క నా డైరీలో ఉంది. తూటా వెయ్యి గజాలు పోయేసరికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ ఒకటిన్నర సెకనులోనే భూమి దాన్ని 11 మీటర్లు కిందికి లాగేస్తుంది. అంటే మూడంతస్తుల మేడంత. అంత ఎత్తు సరిచేసుకుని కొట్టాలి. స్కోపు మరను ఒక్కొక్క చప్పుడు తిప్పితే, వంద మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు జరిగే రకాలున్నాయి. దూరం అంచనా కాస్త తప్పినా, దారిలో గాలి కాస్త మళ్లినా, తూటా ఇంకెక్కడికో పోతుంది. అదే వంద గజాల లోపలయితే జారేది ఏడెనిమిది సెంటీమీటర్లే.

"కాగితం మీద తప్పితే నీకు మార్కులు పోతయి బిడ్డా. జంతువు మీద తప్పితే దానికి కాలు పోతది, అది వారం దినాలు కుంటుకుంట చస్తది. అందుకని రెండింటికీ ఒక్కటే కొనుడు తప్పు. దూరం ఆట కాగితం మీదనే ఆడు. దానికి ఆ పెద్దది, ఇరవై అయిదింతలది, ఎప్పుడన్న డబ్బులు కూడబెట్టుకోని కొనుక్కో. కిలో బరువున్నా ఫికరు లేదు, బోర్ల పండుకునే కొడ్తవు గద. పంది పనికి చిన్నది చాలు, మూడు తొమ్మిదిది. అండ్ల కనపడనంత దూరం ఉంటే అది నీది కాదు, ఇడిచిపెట్టు."

"సరే తాతా. ఫస్ట్ ఏది కొనాలె?"

"రెండూ కాదు. ముందుగాల మెడల ఏసుకునే దుర్భిణి కొను. మంచిది కొను."

నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. ఒప్పుకున్నాడని కాదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. వేట అన్న మాట ఎత్తితే ఇంకా మొహం తిప్పుకుంటాడు. నాకూ మనసు కుదుటపడిందని చెప్పలేను. వాడు పెరిగిన చోటు వేరు, అక్కడి రివాజు వేరు, అనుకుంటాను. అనుకున్నంత సులువుగా నిద్ర పట్టదు. కాని అన్నయ్య చేతిలోని రేకు తుపాకిని బావిలో వేసినట్టు, సముద్రాలు దాటి మనవడి చేతిలోనిది లాక్కోలేడు కదా. అన్నయ్యకు ఆనాడు ఇచ్చినట్టే, వీడికీ ఒక అద్దం ఇచ్చాడు. అంతే.

కిందటి నెలలో టెక్సాస్ నుంచి ఎవరో వస్తుంటే వాళ్లతో చిన్నోడు ఒక పెట్టె పంపాడు. లోపల రెండు కళ్ల దుర్భిణి. వాడు కొనుక్కున్నదీ అదే రకమట. ఎనిమిదింతలు, 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే అయిదుంబావు. ఇప్పుడు నేను కూడా నోటిలెక్క చేసేస్తున్నాను సుమండీ!

బాపు రోజూ సాయంత్రం అది మెడలో వేసుకుని డాబా ఎక్కుతాడు. కొంగలను చూస్తాడు. తాటిచెట్టు మీద గిజిగాడి గూళ్లు లెక్కపెడతాడు. అమ్మ ఎండబెట్టిన వడియాల మీద ఏ కాకి వాలబోతోందో పైనుంచే కేకేసి చెపుతాడు. ఎదురింటివాళ్ల వంటింటి వైపు తిప్పవద్దని అమ్మ ఆంక్ష పెట్టింది.

మొన్న ఆదివారం చిన్నోడు ఫోన్ చేశాడు. వేటకు వెళ్లి వచ్చానన్నాడు. ఎన్ని కొట్టావని బాపు అడగలేదు. నేను అడగబోతే చేత్తో వారించాడు.

"ఎన్ని ఇడిచిపెట్టినవు?" అన్నాడు.

"ఒకటి, తాతా. పెద్దదే. మస్తు దగ్గర ఉండె. కాని దాని ఎనుక పొదల ఏదో కదిలింది. దుర్భిణితోటి చూసిన, ఏందో తెల్వలే. పొద్దుగూకింది. వచ్చేసిన."

బాపు ఇంకేమీ అనలేదు. ఫోన్ అమ్మకిచ్చి, దుర్భిణి మెడలో వేసుకుని, డాబా మెట్లెక్కాడు. ఆ పూట వడియాలను కాకి ఎత్తుకుపోతున్నా కేకెయ్యలేదు.